ఇరవై రెండో పేజీ

పెనం మీద జొన్నరొట్టె వేసి, దాని మీద తడిచెయ్యి తిప్పుతుండగా ఫోను మోగింది. అఫ్సానా ఎడమచేత్తో ఫోను అందుకుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. పదకొండు గంటలప్పుడు మోగిందంటే అది భర్త సాజిదే. మిల్లులో ఏదో ఆగింది.

"డిస్కు నిండిపోయిందంటాంది. పొద్దున పెద్ద లాగ్ ఫైలొకటి తుడిచేసినా. అయినా జాగా లేదనే అంటాంది. ఇప్పుడేం చెయ్యాల?"

"తుడిచినాక తూకం ప్రోగ్రాంను ఒకసారి ఆపి మళ్ళా మొదలుపెట్టినారా?"

"లేదు. ఆపాల్నా?"

"ఫైలు పేరు పోయింది గానీ ఫైలు పోలేదు. ఆ ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచి పట్టుకోనుంది. పట్టుకున్నది వదిలేదాకా జాగా తిరిగి రాదు. బండ్లు లేని సందు చూసుకోని ప్రోగ్రాం ఆపండి, మళ్ళా మొదలుపెట్టండి."

రొట్టె తిరగేసింది. అవతల కీబోర్డు టకటకలాడింది, ఎవరో ట్రాక్టరు హారను కొట్టారు, సాజిద్ ఎవరినో ఆగమన్నాడు.

"ఆ, వచ్చింది. సగం ఖాళీ అయ్యింది," అని పెట్టేశాడు.

వసారాలో చింతపండు గింజలు తీస్తున్న అత్త కుల్సుంబీ తల ఎత్తకుండానే అడిగింది. "ఏమంటాడు వాడు?"

"ఏం లేదత్తమ్మా. మిల్లు పని."

"పాపం, ఆ మిల్లంతా వాని నెత్తినే ఏసినారు. ఒక్కడే ఎంతని సూసుకుంటాడు."

అఫ్సానా ఇంకో రొట్టె తట్టడం మొదలుపెట్టింది. ఈ మాట విన్నప్పుడల్లా ఏమనుకోవాలో ఆమెకు ఆరేళ్ళుగా తెలియలేదు.

సాజిద్ పనిచేసేది ఎమ్మిగనూరులో ఒక పత్తి మిల్లులో. అదే కంపెనీకి ఆదోనిలో పెద్ద మిల్లు, పత్తికొండలో ఇంకొకటి ఉన్నాయి. పత్తి నింపుకుని వచ్చిన ట్రాక్టరు వేబ్రిడ్జి ఎక్కుతుంది, అది ఒక తూకం. పత్తిని కుప్పలో పోశాక ఖాళీ ట్రాక్టరు మళ్ళీ ఎక్కుతుంది, అది రెండో తూకం. రెండూ కలిస్తేనే రైతుకు చీటీ. ఆ తూకాలన్నిటినీ దాచేది ఆఫీసు వెనక గదిలో ఉండే యూనిక్స్ మిషన్. దానికి బొమ్మలుండవు, మౌసు ఉండదు. నల్లటి తెర మీద కమాండు టైపు చేస్తేనే మాట వింటుంది. దాన్ని చూసుకునే ముసలాయన పని మానుకున్న రోజు, ఇది ఎవరికైనా తెలుసా అని ఆఫీసులో అడిగితే, టైపింగు కోసం చేరిన సాజిద్ చెయ్యెత్తాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నీకు తెల్సు గదా," అన్నాడు.

ఆమెకు తెలుసు. అఫ్సానా ఆదోనిలో దూదేకి పరుపులు కుట్టే నూర్ బాషా కూతురు. నాయన దూదేకే చప్పుడు పక్కనే కూర్చుని బీయస్సీ కంప్యూటర్స్ చదివింది. కర్నూల్లో ఇంటర్నెట్టు ఇచ్చే ఒక చిన్న కంపెనీలో మూడేళ్ళు యూనిక్స్ మిషన్లు చూసుకుంది. పెళ్ళి కుదిరినప్పుడు ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. "ఎమ్మిగనూరు నుంచి కర్నూలుకు రోజూ ఎట్ల పోయొస్తావు మల్ల," అని మాత్రం అడిగారు. దానికి జవాబు లేక మానేసింది. ఆ విషయంలో ఆమె ఇప్పటికీ ఎవరినీ తప్పు పట్టలేదు. పట్టడానికి ఎవరూ దొరకలేదు.

సాజిద్ చెడ్డవాడైతే ఆమెకు ఇంత తికమక ఉండేది కాదు. గొంతు పెంచడు. కుళాయి వచ్చే వేళకు తనే లేచి బిందెలు పడతాడు. కూతురు ముస్రత్‌కు జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరుగుతాడు. మిల్లు నుంచి రోజుకు రెండు మూడుసార్లు ఫోను చేసి, "ఇప్పుడేం చెయ్యాల," అని అడిగేటప్పుడు కూడా అందులో అధికారం ఉండదు. పెరుగు తోడేసినావా అని అడిగినట్టు అడుగుతాడు. ఆమె కూడా తోడేసినాను అన్నట్టే చెబుతుంది. చెప్పిన తర్వాత ఒక నిమిషం పాటు ఒంట్లోకి వెలుతురు వచ్చినట్టు ఉంటుంది. ఆ వెలుతురు కోసమైనా ఫోను రావాలని ఎదురుచూస్తుంది. వచ్చాక, కూర మాడిందని అత్త అంటే, దేని వల్ల మాడిందో చెప్పలేక ఊరుకుంటుంది.

ఒకే ప్రశ్నను సాజిద్ మూడోసారి అడిగినప్పుడు, ముస్రత్ గీతలు గీసి వదిలేసిన పొడుగు నోటుబుక్కు ఒకటి తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఏ ఇబ్బందికి ఏ కమాండు, ఎందుకు, ఏది చెయ్యకూడదు. సాజిద్‌కు అర్థం కావాలని తెలుగులోనే రాసింది.

'డిస్కు నిండిందని చెప్పగానే తుడవొద్దు. ఏ ఫోల్డరు తింటాందో ముందు చూడు.'

'నిన్న పనిచేసింది ఈ రోజు చెయ్యలేదంటే మధ్యలో ఎవరో ఏదో మార్చినారు. అడిగితే మార్చలేదనే అంటారు. ఫైళ్ళ తేదీలు చూడు.'

'చేత్తో టైపు చేస్తే నడిచే కమాండు, టైము పెట్టినప్పుడు దానంతటది నడవలేదంటే, దానికి దారి తెలీలేదని అర్థం. మొదటి నుంచి పూర్తి దారి రాయి.'

'అనుమతి లేదన్నప్పుడు వెంటనే రూట్ అయిపోవద్దు. రూట్ అంటే ఇంటి పెద్ద. ఆయన ఏం చెప్పినా మిషన్ ఎందుకని అడగదు.'

ఈ చివరిది రాసి తనలో తాను నవ్వుకుంది. ఎందుకు నవ్విందో అప్పుడు ఆలోచించలేదు.

రెండేళ్ళలో నోటుబుక్కు నిండింది. సాజిద్ దాన్ని మిల్లుకు తీసుకుపోయి, తీరిక ఉన్నప్పుడు కొంచెం కొంచెం టైపు చేసుకుని, తిరిగి తెచ్చిచ్చాడు. దసరా దాటాక ఒక సాయంత్రం మైసూర్‌పాకు పొట్లంతో వచ్చి, స్పైరల్ బైండింగు చేసిన నలభై పేజీల పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు.

"ఆదోని మేనేజరు దేవేంద్రప్ప సార్ మన మిల్లు చూడనీకి వచ్చినాడులే. మీ మిషన్ ఒక్కసారి గూడా పడుకోదే, ఏం చేస్తాండావు అని అడిగినాడు. ఇది చూపించినా. మూడు మిల్లులకూ ప్రింటు చేయించినాడు. మన పేరొచ్చింది చూడు."

అట్ట మీద 'యూనిక్స్ చిట్కాలు' అని ఉంది. దాని కింద, 'తయారు చేసినవారు: ఎస్. సాజిద్, సిస్టమ్ అడ్మిన్' అని ఉంది. అఫ్సానా దాన్ని రెండుసార్లు చదివింది. మన పేరు అన్నాడు కదా అని పేజీ తిప్పి చూసింది. లోపల ఇంటి పెద్ద మాట అట్లాగే ఉంది. దారి తెలీలేదన్న మాట కూడా అట్లాగే ఉంది. అవి అచ్చులో ఎంత బాగున్నాయో. కుల్సుంబీ పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. "నా కొడుకు బుక్కు రాసినాడు," అని పక్కింటామెకు చెప్పి రావడానికి మోకాళ్ళ నొప్పితోనే లేచింది.

"నా పేరు గూడా పెట్టింటే," అని అఫ్సానా అనబోయి, "బాగుంది," అంది.

సాజిద్ ఆమె మొహం చూశాడు. "ఏం? నాదైతేనేమి, నీదైతేనేమి. ఇద్దరం ఒకటే గదా."

నిజమే కదా అనుకుంది. మైసూర్‌పాకు కూడా తింది. కానీ అంట్లు తోముతుంటే చెయ్యి మాటిమాటికీ ఆగిపోయింది. ఎక్కడ నొప్పో తెలియడం లేదు. తిట్టలేదు, కొట్టలేదు, తన వస్తువు ఏదీ పోలేదు. నోటుబుక్కు పిండి డబ్బా మీద ఎప్పటిలాగే ఉంది. పేరు కావాలని ఉందా తనకు? ఆ మిల్లులో తనను ఎవరెరుగుదురని? పేరు ఉంటే ఏం చేసుకుంటుంది, దాన్నేమైనా చీరలా కట్టుకుంటుందా? మరి అక్కర్లేకపోతే అట్ట మీద రెండోసారి ఎందుకు చదివింది? ఆమె ఎప్పుడూ మిషన్ల లోపం వెతికే పద్ధతిలోనే తన లోపల వెతికింది. ఏం మారింది? ఎప్పుడు మారింది? ఏదీ మారినట్టు కనిపించలేదు. అంతా నిన్నటిలాగే ఉంది, పని మాత్రం చెయ్యడం లేదు. మరుసటి రోజు పదకొండింటికి ఫోను మోగితే, కావాలని రెండు రింగులు ఎక్కువ పోనిచ్చి తీసింది. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో, ఒక బుధవారం మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే సాజిద్ ఫోను చేశాడు.

"ఆదోని మిల్లులో తూకాలన్నీ పోయినాయంట. ఆడ మిషన్ చూసుకునే నాగేష్ మన బుక్కులో ఇరవై రెండో పేజీ చూసి, పాత ఫైళ్ళు తుడవాలని చేసినాడంట. మొత్తం తుడుచుకపోయింది."

ఆమె లంగాను తీగ మీదే వదిలేసింది. "ఇరవై రెండో పేజీలో ఏముంది?"

"అదే, పాత ఫోల్డరు ఊడ్చేది. దేవేంద్రప్ప సార్ నాకు ఫోను చేసి అరిచినాడు. ఏం రాసినావయ్యా అని. నేను రాయలేదు సార్, మా ఇంట్లో రాసింది అని చెప్పేసినా."

మా ఇంట్లో. పెళ్ళాం అనడానికి బదులు మగవాళ్ళు అనే మాట అది. అఫ్సానాకు మొదట భయమేసింది. మనుషుల కష్టార్జితం తుడుచుకుపోయింది, తను రాసిన మాట వల్ల. ఆ భయం కిందనే, చాలా చిన్నగా, సంతోషం లాంటిదేదో కదిలింది. మేనేజరుకు చెప్పాడు. ఆమె రాసిందని చెప్పాడు. సంతోషించాల్సిన విషయమా ఇది? ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెనకే ఇంకొకటి వచ్చింది. మైసూర్‌పాకు నాడు ఆయన రాసిన పుస్తకం, ఈ రోజు నేను రాసిందయ్యింది. ఈ మూడిట్లో ఏది తన అసలు మాటో తేల్చుకునే వ్యవధి లేదు.

"మిషన్ ఆపినారా?"

"ఆపి మళ్ళా ఆన్ చేస్తే వస్తాదేమోనని నాగేష్ అంటాండాడు."

"వద్దు. ఆపొద్దని చెప్పండి, ఇప్పుడే. తూకం ప్రోగ్రాం నడుస్తాందా?"

"నడుస్తాందంట."

"దాన్నీ ఆపొద్దు. కొత్త తూకం ఒక్కటి గూడా ఎక్కించొద్దు. కీబోర్డు మీద ఎవరూ చెయ్యి పెట్టొద్దు. నేనొస్తాండా."

"నువ్వు యాడికొస్తావు? ఫోన్లో చెప్పు, నేను నాగేష్‌కు చెప్తా."

"ఒక్క అక్షరం తప్పితే ఉన్నది గూడా పోతాది. మీరు బస్టాండుకు రండి."

కిందికి దిగి చీర మార్చుకుంటుంటే కుల్సుంబీ గుమ్మంలో నిలబడింది. "ఇప్పుడు యాడికి? పాప బడి నుంచి వచ్చే యాళాయె."

"ఆదోనికత్తమ్మా. మిల్లుకు. పాపను మీరే తోడుకోని రండి."

"నా మోకాళ్ళు..." అని కుల్సుంబీ ఏదో అనబోయింది. కోడలు పిండి డబ్బా మీది నోటుబుక్కు తీసి సంచిలో పెట్టుకోవడం చూసి, అర్థం కాక ఆగిపోయింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. సాజిద్ చెమట తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "సార్ అడిగితే, పరాకులో రాసినానని చెప్పు. ఆడమనిషివి, నిన్నేమనరు. నన్నైతే తీసేస్తారు."

అఫ్సానా ఒళ్ళో ఒకవైపు నోటుబుక్కు, ఇంకోవైపు సాజిద్ తెచ్చిన అచ్చు పుస్తకం తెరిచి పెట్టుకుని, గతుకులకు కదిలే అక్షరాల్ని పోల్చి చూసింది. నోటుబుక్కులో ఆ కమాండు ఒకే వరుసలో ఉంది. పాత ఫోల్డరులోకి పో, పోయింది నిజమైతేనే అక్కడున్నది ఊడ్చు. ఆ 'నిజమైతేనే' అన్నదాన్ని మెలిక తిరిగిన యాండ్ గుర్తులు రెండు, &&, పక్కపక్కన వేసి రాస్తారు. అచ్చులో ఆ రెండు గుర్తులు లేవు. ఒక వరుసలో పాత ఫోల్డరులోకి పో అని, దాని కింద ఇంకో వరుసలో ఊడ్చు అని ఉంది. ఎమ్మిగనూరు మిషన్లో ఆ ఫోల్డరు ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఆదోని మిషన్లో అది లేదు. లేదని మిషన్ చెప్పింది, చెప్పి ఉన్నచోటే ఉండిపోయింది. తర్వాతి వరుస వచ్చింది. ఉన్నచోటు ఊడ్చేసింది. ఆ ఉన్నచోటే తూకాలు.

"ఈ రెండు గుర్తులు ఎందుకు తీసినారు?" అని వేలుపెట్టి చూపించింది.

సాజిద్ వంగి చూశాడు. "పాప గీసిన మెలికలనుకున్నా," అన్నాడు. ఆ పేజీ అంచంతా ముస్రత్ గీసిన మెలికలున్న మాట నిజమే.

"నన్ను అడగాల్సింది."

"ప్రతిదీ అడుగుతానే ఉంటాగదా. ఆ ఒక్కటీ అడగలేదు." కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇప్పుడదంతా ఎందుకులే. ఎవరి తప్పయితేనేమి, ఇంట్లో తప్పే గదా."

ఆమె రెండు పుస్తకాలూ మూసింది. తప్పు తనది కాదని తెలిశాక తేలిక పడాలి. పడలేదు. తన గుర్తుల్ని పిల్ల గీతలనుకున్నాడన్నదే పళ్ళ మధ్య జొన్నపొట్టులా ఇరుక్కుంది. అది కావాలని చేసింది కాదు. కావాలని చేసి ఉంటే కోపం తెచ్చుకోవడం సులువు.

ఆదోని మిల్లు ఆవరణ నిండా ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. గాలికి దూది పింజలు ఎగిరి మనుషుల తలల మీద వాలుతున్నాయి. ఒక ట్రాక్టరు నీడలో కూర్చున్న ఆడమనిషి వీళ్ళను చూసి లేచొచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆస్పరి దగ్గర పల్లె అని, పేరు తాయమ్మ అని తర్వాత తెలిసింది.

"మిషన్ బాగుసేసేటోళ్ళు మీరేనా? మా పత్తి పొద్దున్నే కుప్పలో కలిపేసిరి. ఇప్పుడేమో తూకం పోయిందంటాండారు. కలిసిపోయిన పత్తిని మల్ల యాడ ఏరి తూసేది?"

అఫ్సానా ఆగింది. "ఏ పేరు మీద ఎక్కించినారు?"

"మద్దిలేటి."

"అది మీ ఆయన పేరా? మీ పేరు?"

"నా పేరెందుకమ్మా, మిషన్లో ఆయన పేరే ఉంటాది. విత్తనం నుంచి ఏరేదాకా సేసేది నేను, పేరు ఆయంది." ఫిర్యాదులాగా చెప్పలేదు. ఊరికి దారి చెప్పినట్టు చెప్పింది. "తొందరగా సూడమ్మా, నీళ్ళు తాగేకి గూడా లెయ్యలేదు నేను."

వెనక గదిలో నాగేష్ మొహం తెల్లబోయి ఉంది. మేనేజరు దేవేంద్రప్ప పొడుగాటి మనిషి, చేతిలో పుస్తకం చుట్టగా చుట్టి పట్టుకున్నాడు. సాజిద్ ఆయనకు నమస్కారం పెట్టాడు. అఫ్సానా కుర్చీలో కూర్చుంది. ఆరేళ్ళుగా ఆమె మిషన్లతో మాట్లాడింది నోటితోనే, వేళ్ళతో కాదు. కీబోర్డు మీద చేతులు పెడితే అవి ఎక్కడికి పోవాలో తెలియనట్టు ఆగాయి. కమాండు నోటికి వస్తోంది, వేళ్ళకు రావడం లేదు. పెదవులు కదుపుతూ, ఫోన్లో ఎవరికో చెబుతున్నట్టు తనకు తానే చెప్పుకుంది. అప్పుడు వేళ్ళు విన్నాయి.

తుడిచిన ఫైలు పేరు పోయింది, కానీ తూకం ప్రోగ్రాం ఇంకా నడుస్తోంది. అది తెరిచి పట్టుకున్నంతసేపూ ఫైలు బతికే ఉంటుంది. మిషన్ను ఆపి ఉంటే ఆ పట్టు విడిపోయేది, ఇక దేవుడు కూడా తేలేడు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు పట్టుకుందో చూపే కమాండు కొట్టింది. పొడుగాటి జాబితా పరిగెత్తింది. అందులో ఒక వరుస చివర 'తుడిచినది' అని ఇంగ్లీషులో ఉంది. దాని ముందు ప్రోగ్రాం నంబరు ఉంది.

"ఇప్పుడేం చేస్తాంది?" దేవేంద్రప్ప ఆమె తల మీదుగా సాజిద్‌ను అడిగాడు.

"రీసైకిల్ బిన్‌లోంచి తీస్తాంది సార్," అన్నాడు సాజిద్.

ఈ మిషన్లో అట్లాంటిది లేదని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఇప్పుడు గుర్తులు తప్పకూడదు. ఆ నంబరు కిందున్న ఫైలును ఇంకో డిస్కులోకి కాపీ చెయ్యమని రాసింది. ఎంటర్ కొట్టే ముందు మొదటి నుంచి చివరికి ఒకసారి, చివరి నుంచి మొదటికి ఒకసారి చదివింది. కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు. యూనిక్స్ అంతే, పని జరిగితే ఏమీ అనదు. కాపీ తెరిచి చూస్తే తూకాలు వరుసగా ఉన్నాయి. గేటు దగ్గర ట్రాక్టరు నంబర్లు రాసే వాచ్‌మన్ యేసేపును పుస్తకంతో సహా పిలిపించి, ఒక్కొక్కటీ చదివించి సరిపోల్చింది. అరవై మూడు బండ్లు. అరవై మూడూ ఉన్నాయి. ముప్పై ఎనిమిదో వరుసలో మద్దిలేటి, ఆస్పరి.

అంతకు ముందు రోజుల ఫైళ్ళు రోజూ తీసే కాపీలో దొరికాయి. అన్నిటినీ వాటి చోట్లలో పెట్టి, అప్పుడు ప్రోగ్రాం ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. బయట ప్రింటరు కరకరమంది. ఆవరణలో ట్రాక్టర్లు స్టార్టయిన చప్పుడు ఒకటొకటిగా వినిపించింది. కిటికీలోంచి చూస్తే తాయమ్మ కుళాయి కింద దోసిలి పట్టి నీళ్ళు తాగుతోంది.

దేవేంద్రప్ప వాళ్ళను తన గదికి పిలిచాడు. రెండు గ్లాసుల్లో టీ వచ్చింది. ఆయన ఒకటి సాజిద్ వైపు జరిపి, అఫ్సానాను చూసి, ఇంకొకటి తెమ్మన్నాడు. చుట్టగా చుట్టిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు.

"పోయిందనుకున్నది వచ్చింది. సంతోషం. గానీ ఈ బుక్కు మూడు మిల్లుల్లో ఉంది. రేపు పత్తికొండలో ఎవుడన్నా ఇదే పేజీ తెరిస్తే? దీన్ని రాసినోళ్ళు సోమవారం నుంచి ఈడికొచ్చి, నా ముందర కూచ్చోని, మొదటి పేజీ నుంచి ప్రతి లైనూ మిషన్ మీద నడిపి చూపించాల. అంతదాకా దీన్ని ఎవురూ ముట్టుకోకూడదు."

"నేను ఫోన్లోనే చెప్పినా గదా సార్," అన్నాడు సాజిద్. "మా ఇంట్లో రాసింది. పది పనుల మధ్య రాసింటాది, పరాకు పడింటాది. నేను తీసుకపోయి దిద్దించుకోనొస్తాలెండి. ఇంటికాడ్నే చేస్తాది. ఆమె ఈడికి రావాల్సిన పన్లేదు."

దేవేంద్రప్ప మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వేనా రాసింది?"

అవునంటే ఆ తప్పు తనదవుతుంది. కాదంటే ఆ నలభై పేజీలు ఎప్పటికీ తనవి కావు. సాజిద్ కాళ్ళు బల్ల కింద కదులుతున్నాయి, ఆ కదలిక ఆమెకు తెలుసు, ముస్రత్ పుట్టిన రోజు ఆస్పత్రి వరండాలో అట్లాగే కదిలించాడట. జాలి వేసింది. మరి ఆ జాలి ఆయన మీదేనా, లేక ఆయన మీద జాలి పడటం అలవాటై వస్తోందా? ఉద్యోగం పోతుందేమో. అత్త ఏమంటుంది? పక్కింటామె ఏమంటుంది? సోమవారం నుంచి ఇక్కడికి రావాలంటే ఏ బస్సు, ఎన్నింటికి, పాపను బడిలో ఎవరు దింపుతారు, రొట్టెలు ఎవరు తడతారు? ఒక్కదానికీ ఆమె దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు జవాబు లేకనే ఉద్యోగం మానేసింది కదా. జవాబు దొరికాకే అడుగు వెయ్యాలని ఎవరు చెప్పారు తనకు? ఎవరూ చెప్పినట్టు గుర్తు లేదు. తల లోపల ఇంత గందరగోళం ఉన్నా, ఒక సంగతి మాత్రం మిషన్ ముందు కూర్చున్నప్పటిలాగే తేటగా ఉంది. మేనేజరు అడిగింది చిన్న ప్రశ్న. దానికి నిజమైన జవాబు తెలుసు. అది సగం కాదు, రెండు ముక్కలూ కలిసిందే నిజం.

సంచిలోంచి నోటుబుక్కు తీసింది. అచ్చు పుస్తకం పక్కన పెట్టి, రెండిట్లోనూ ఆ కమాండు ఉన్న పేజీ తెరిచింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే తనకే ఆశ్చర్యమయ్యేది.

"పుస్తకం నేనే రాసినాను సార్, నలభై పేజీలూ. సోమవారం నుంచి నేనే వస్తాను," అంది. తర్వాత అచ్చులోని ఇరవై రెండో పేజీ మీద వేలు పెట్టింది. "ఈ రెండు లైన్లు మాత్రం ఆయన రాసినారు."